పడటం వచ్చు, కాదనడం రాదు: బస్టర్ కీటన్ కథ

హాస్యనటుల గురించి రాసేటప్పుడు ఒక మాట ఎలాగో చొరబడిపోతుంది: పైకి నవ్వించాడు, లోపల ఏడ్చాడు. బస్టర్ కీటన్‌కి ఈ మాట మరీ తేలిగ్గా అతుక్కుంటుంది. తెరమీద అతను నవ్వడే నవ్వడు. ఇల్లు కూలినా, పోలీసులు వందలమంది తరిమినా, రైలు అదుపు తప్పినా ఆ మొహంలో చలనం ఉండదు. దానికి తోడు 1930ల్లో అతని జీవితం నిజంగానే కుప్పకూలింది. తాగుడు, విడాకులు, కొలువు పోవడం, కన్న పిల్లలు వేరే ఇంటిపేరుతో పెరగడం. ఈ రెండూ కలిపి చూసినవాళ్ళకి ఆ మొహం మొదటినుంచీ దుఃఖంతోనే ఉందనిపిస్తుంది.

తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఈ లెక్క కుదరదు. అతని మంచి సినిమాలు దాదాపు అన్నీ 1920 నుంచి 1928 లోపు వచ్చాయి. ఆ ఎనిమిదేళ్ళూ ఇంట్లో ఎలా ఉన్నా, పొద్దున స్టూడియోకి వెళ్ళాడంటే అతనంత హుషారైన మనిషి లేడు. దుఃఖం ముదిరాక తీసిన సినిమాలు ఇవాళ ఓపిగ్గా కూర్చుని చూడటం కష్టం. కాబట్టి బాధలోంచి హాస్యం పుట్టిందనడం కంటే, హాస్యం తీసే వీలు పోయాక బాధ మీదపడిందనడం నిజానికి దగ్గర. ఆ వీలు ఎందుకు పోయిందన్నదే అసలు ప్రశ్న.

చాప్లిన్ తెలిసినంతగా మన దగ్గర కీటన్ తెలియదు కాబట్టి కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1895 అక్టోబర్ 4న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, పిక్వా అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. అసలు పేరు జోసెఫ్ ఫ్రాంక్ కీటన్. తల్లి మైరా, తండ్రి జో, ఇద్దరూ ఊరూరా తిరిగే ఆటగాళ్ళు. నాటుమందులు అమ్ముతూ మధ్యమధ్యలో పాటలు, గంతులు చూపించే బృందంలో వాళ్ళ బతుకు. మన సురభి కుటుంబాల్లో పిల్లలు నడక వచ్చీరాకముందే వేషం కట్టినట్టు, ఈ పిల్లాడు కూడా నాలుగైదేళ్ళకే వేదికెక్కాడు. అక్కణ్ణించి ఆ ఆట పేరు ‘త్రీ కీటన్స్’.

ఆట ఏమిటంటే, మాట వినని కొడుకుని తండ్రి దారిలో పెట్టడం. పెట్టేది మాటలతో కాదు, విసిరేయడంతో. పట్టుకుని విసరడానికి వీలుగా పిల్లాడి కోటు వెనక సూట్‌కేసు పిడి ఒకటి కుట్టి ఉండేది. తండ్రి దాన్ని పట్టుకుని వెనక తెరల మీదికి విసిరేవాడు, కింద వాద్యాలవాళ్ళు కూర్చునే గుంటలోకి విసిరేవాడు. పిల్లాడు పల్టీ కొట్టి లేచి, ఏమీ జరగనట్టు వచ్చి మళ్ళీ తండ్రి కాళ్ళకి అడ్డం పడేవాడు. జనం పగలబడి నవ్వేవాళ్ళు. అయితే పడి లేచిన పిల్లాడు తనూ నవ్వాడంటే జనం నవ్వు తగ్గిపోయేది. ఇది తండ్రీకొడుకులు ఇద్దరూ గమనించారు. ఎప్పుడైనా పెదవి కదిలితే తండ్రి పక్కనుంచి ‘మొహం! మొహం!’ అని గదమాయించేవాడని కీటన్ పెద్దయ్యాక చెప్పాడు. తర్వాత ప్రపంచమంతా తలకెక్కించుకున్న ఆ రాతి మొహం పుట్టింది ఇక్కడ. అందులో విషాదం ఏమీ లేదు. టికెట్ కొన్నవాణ్ణి ఎలా నవ్వించాలో తెలిసిన కుటుంబం పట్టుకున్న కిటుకు అది.

ఇది పిల్లాణ్ణి హింసించడం కాదా? అప్పట్లోనే ఈ అనుమానం వచ్చింది. పిల్లల మీద క్రూరత్వాన్ని అడ్డుకునే సంఘం న్యూయార్క్‌లో వాళ్ళ వెంటపడింది. కొంతకాలం ఆ నగరంలో ఆట ఆడనివ్వలేదు. ఒంటిమీద దెబ్బలున్నాయేమోనని అధికారులు చొక్కా విప్పి చూసిన సందర్భాలు కూడా ఉన్నాయని, ఎప్పుడూ ఏమీ దొరకలేదని కీటన్ అనేవాడు. ఎలా పడాలో తెలిసినవాడికి దెబ్బ తగలదన్నది అతని వాదన. చివరిదాకా తండ్రి మీద ఈ నింద పడనివ్వలేదు. ఇవాళ్టి కొలతల్లో ఇది తప్పే, అందులో సందేహం అక్కర్లేదు. కానీ ఆ మాటతో ఆగిపోతే కీటన్ అక్కడ ఏం నేర్చుకున్నాడన్నది వదిలేసినట్టవుతుంది. విసిరేవాడితో వాదన పెట్టుకోకూడదు. ఎక్కడికి విసిరినా ఎలా పడాలన్నదే మన చేతిలో ఉంటుంది. నొప్పి మొహంలో కనపడకూడదు. వేదిక మీద ఈ మూడూ బంగారం లాంటి పాఠాలు. ఒప్పందం కాగితం ముందు కూర్చున్నప్పుడు మూడూ పనికిరావు.

తండ్రికి తాగుడు ముదిరింది. ఒక్క క్షణం అటూ ఇటూ అయితే మెడ విరిగే ఆటలో తాగిన మనిషి చేతిలో ఒంటిని పెట్టడం అంటే ప్రాణంతో చెలగాటం. 1917 మొదట్లో తల్లీకొడుకులు ఆటని ఆపేసి తండ్రిని వదిలి వెళ్ళిపోయారు. కీటన్‌కి అప్పటికి 21 ఏళ్ళు. చెప్పి, నచ్చజెప్పి, గొడవపడి తేల్చుకోవడం కాదు, మారు మాట లేకుండా వెళ్ళిపోవడం. తర్వాత అదే తండ్రిని పిలిచి తన సినిమాల్లో చిన్నచిన్న వేషాలు ఇచ్చాడు. ‘షెర్లాక్ జూనియర్’లో హీరోయిన్ తండ్రి జో కీటనే.

ఆ ఏడాదే న్యూయార్క్‌లో అతనికి వారానికి 250 డాలర్ల జీతంతో పెద్ద రంగస్థల ప్రదర్శనలో అవకాశం వచ్చింది. ఈలోగా రాస్కో ఆర్బకిల్ అనే హాస్యనటుడు షూటింగ్ చూడటానికి రమ్మన్నాడు. ఆ రోజే చిన్న వేషం వేశాడు. రాత్రి కెమెరాని అడిగి తీసుకెళ్ళి, విప్పి, లోపల ఏముందో చూసి, మళ్ళీ బిగించి తెచ్చిచ్చాడట. 250 డాలర్లు వదులుకుని వారానికి 40 డాలర్లకి సినిమాల్లో చేరాడు. ఇవన్నీ అతను చెప్పుకున్న సంగతులే. ఆర్బకిల్ సినిమాల నిర్మాత జోసెఫ్ షెంక్. 1920లో ఆర్బకిల్ పెద్ద సినిమాలకి వెళ్ళిపోగానే షెంక్ కీటన్‌కి సొంత యూనిట్ ఇచ్చాడు.

ఇక్కణ్ణించి 1928 దాకా 19 చిన్న సినిమాలు, 10 పూర్తి నిడివి సినిమాలు. రాసి పెట్టుకున్న స్క్రిప్టు ఉండేది కాదు. కథ ఎలా మొదలవుతుంది, ఎలా ముగుస్తుంది అన్నది తేల్చుకుంటే మధ్యది అదే వస్తుందని వాళ్ళ నమ్మకం. నలుగురైదుగురు గ్యాగ్ రైటర్లు, అంటే నవ్వు పుట్టించే సంఘటనలు అల్లేవాళ్ళు, ఒక గదిలో. ఏమీ తట్టకపోతే అందరూ బయటికెళ్ళి బేస్‌బాల్ ఆడేవాళ్ళు. యూనిట్‌లోకి మనుషుల్ని తీసుకునేటప్పుడు బాగా ఆడతాడా లేదా అని కూడా చూసేవాళ్ళని ఒక జోకు ఉంది. ఈ వాతావరణం నుంచే అతని హీరో వచ్చాడు. మొదట్లో ఏదీ చేతకాదు, ఆఖరికి ఓడనో రైలింజన్నో ఒంటిచేత్తో నడిపేస్తాడు. గమనించండి, ఈ మనిషి మీద ప్రేక్షకుడికి జాలి కలగదు. ముచ్చటేస్తుంది.

ఒంటిని మాత్రం అస్సలు లెక్కచేయలేదు. 1924లో ‘షెర్లాక్ జూనియర్’ తీసేటప్పుడు రైలింజన్లకి నీళ్ళు నింపే ట్యాంకు నుంచి నీళ్ళు ధారగా మీదపడి, మెడ వెనకభాగం పట్టాకి కొట్టుకుంది. కొన్నాళ్ళు విపరీతమైన తలనొప్పి. పని ఆపలేదు. ఏళ్ళు గడిచాక ఇంకెందుకో ఎక్స్‌రే తీయించుకుంటే, ఎప్పుడో మెడ ఎముక విరిగి అతుక్కుందని డాక్టరు చెప్పాడు. ఆ దెబ్బ తగిలిన షాట్ సినిమాలో అలాగే ఉంది. కిందపడ్డవాడు లేచి, పట్టాల మీదుగా పరిగెత్తి వెళ్ళిపోతాడు.

ఇంత స్వేచ్ఛ ఉన్నా కాగితాల మీద అతనిది అంటూ ఏమీ లేదు. కంపెనీకి ‘బస్టర్ కీటన్ ప్రొడక్షన్స్’ అని పేరు పెట్టారు గానీ అందులో బస్టర్ కీటన్‌కి వాటా లేదు. జీతం, లాభాల్లో కొంత భాగం, అంతే. సినిమాల హక్కులు అతనివి కావు. వ్యవహారమంతా షెంక్ చూసుకునేవాడు, ఇతను చూసుకోనిచ్చేవాడు. మంచి మనిషే, ఇతనంటే ప్రేమే. పైగా చుట్టరికం కూడా కలిసింది. షెంక్ భార్య నార్మా టాల్మడ్జ్ ఆ రోజుల్లో పెద్ద స్టార్. ఆమె చెల్లెలు నాటలీని కీటన్ 1921 మేలో పెళ్ళి చేసుకున్నాడు. అంటే నిర్మాత, తోడల్లుడు ఒక్కడే. ఇంటి మనిషితో ఒప్పందం గురించి గట్టిగా మాట్లాడటం ఎంత ఇబ్బందో ఎవరికీ చెప్పక్కర్లేదు.

టాల్మడ్జ్ ఇల్లంటే అత్తగారు, ఇద్దరు స్టార్ కూతుళ్ళు, స్టార్ కాని మరో కూతురు. కీటన్ చేసుకున్నది ఆ స్టార్ కాని అమ్మాయిని. ‘అవర్ హాస్పిటాలిటీ’లో ఆమె హీరోయిన్‌గా చేసింది, పసిబిడ్డగా ఉన్న పెద్దకొడుకు, తాత జో కూడా అందులో కనిపిస్తారు. కుటుంబమంతా ఒకే ఫ్రేములోకి వచ్చిన సంబరం అంతటితో సరి. 1924లో రెండో కొడుకు పుట్టాక నాటలీ పడకగది వేరు చేసిందని కీటన్ తర్వాత చెప్పాడు. అతనికి వేరే స్త్రీలతో సంబంధాలుండేవి, ఆమెకి ఆ సంగతి తెలుసు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ పెళ్ళి గురించి మనకి అందిన వివరాల్లో చాలావరకు కీటన్ వైపు నుంచి వచ్చినవే. రోజంతా స్టూడియోలో ఉండి, మిగిలిన సమయం స్నేహితులతో బేస్‌బాల్, బ్రిడ్జి పేకాట ఆడే మొగుడితో ఎలా ఉండేదో నాటలీ వైపు నుంచి పెద్దగా ఏమీ అందలేదు. ఆమెని గయ్యాళిగా చూపించే పుస్తకాల్ని కొంచెం అనుమానంతోనే చదవాలి.

ఇంటి సంగతి ఒకటుంది. భార్యకి తెలియకుండా ఒక ఇల్లు కట్టించి, తీసుకెళ్ళి చూపించాడు. చిన్నదంది. పిల్లల్ని చూసే ఆయాకి, పనివాళ్ళకి చోటేదంది. ఆ ఇల్లు అమ్మేసి 1926లో బెవర్లీ హిల్స్‌లో ఇటాలియన్ పద్ధతిలో పెద్ద భవనం కట్టించాడు. దాదాపు మూడు లక్షల డాలర్లయింది. సినిమా ఎడిటింగ్‌కి వాడుకున్న చిన్న షెడ్డు కూడా అక్కడ ఉండేది.

అదే ఏడాది ‘ది జనరల్’ తీశాడు. అమెరికా అంతర్యుద్ధం కాలపు రైలింజన్ కథ. ఖర్చు సుమారు 7,50,000 డాలర్లు, అప్పటి హాస్యచిత్రానికి అది కళ్ళు తిరిగే మొత్తం. ఆరెగాన్ రాష్ట్రంలో కాలుతున్న వంతెన మీదినుంచి నిజం రైలింజన్‌ని నదిలోకి పడేసిన ఒక్క షాటుకే 42,000 డాలర్లయిందని అంటారు. ఆ ఇంజన్ రెండో ప్రపంచయుద్ధంలో పాతయినుము కోసం బయటికి తీసేదాకా నదిలోనే ఉండిపోయింది. ఇవాళ సినిమా చరిత్రలో అగ్రశ్రేణిలో ఉన్న ఈ సినిమా అప్పుడు ఆడలేదు, విమర్శకులూ మెచ్చుకోలేదు. షెంక్ చేతులు బిగించాడు. ఖర్చు మీద కాపలా మొదలైంది.

1927 వేసవిలో శాక్రమెంటో దగ్గర ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ షూటింగ్. అందులో తుపాను సీను. రెండు టన్నుల బరువున్న ఇంటి ముందుగోడ మొత్తం కూలి మీదపడుతుంది, పైఅంతస్తు కిటికీ ఖాళీ సరిగ్గా అతను నిలబడ్డ చోట రావాలి. తలకీ భుజాలకీ చుట్టూ కొద్ది అంగుళాల సందు. పాదాలు ఎక్కడ పెట్టాలో నేలమీద గుర్తు. ఒక్కటే టేక్, ట్రిక్ ఫొటోగ్రఫీ లేదు. యూనిట్‌లో కొందరు చూడలేక తల తిప్పుకున్నారని చెబుతారు. గోడ పడుతుంది, దుమ్ము లేస్తుంది, అతను అక్కడే ఉంటాడు. తన స్టూడియో మూతపడబోతోందన్న కబురు అతనికి అందింది ఆ షూటింగ్ రోజుల్లోనే అంటారు. ఆ మనఃస్థితిలో ఉండబట్టే అంతకి తెగించానన్నట్టు తర్వాత ఎప్పుడో అన్నాడు. అతని కళలో నిస్పృహ ఎక్కడైనా కనిపిస్తుందంటే ఈ ఒక్క షాటులో కనిపిస్తుందేమో. అది కూడా మొహంలో కాదు, పాదాలు కదపకపోవడంలో.

షెంక్ కీటన్‌ని ఎం.జి.ఎం. అనే పెద్ద హాలీవుడ్ స్టూడియోకి పంపేశాడు. ఎం.జి.ఎం. మాతృసంస్థ అధిపతి షెంక్ తమ్ముడు నికొలస్ షెంక్, కాబట్టి ఇంటి వ్యవహారం ఇంట్లోనే తేలిపోయింది. వద్దు, పోకు, నీ పని నీ చేతిలో ఉండదని చాప్లిన్, మరో పేరున్న హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ ఇద్దరూ హెచ్చరించారు. ఆ ఇద్దరికీ ఆ మాట చెప్పే అర్హత ఉంది, ఎందుకంటే ఇద్దరూ తమ సినిమాలకి తామే యజమానులు. చాప్లిన్ బతుకేమీ పూలపాన్పు కాదు. 1927లో రెండో భార్య లీటా గ్రేతో విడాకుల రచ్చ పేపర్లన్నిటికెక్కి, ‘ది సర్కస్’ షూటింగ్ నెలల తరబడి ఆగిపోయింది. అయినా గొడవ సద్దుమణిగాక తన స్టూడియోకి తాను తిరిగొచ్చి సినిమా పూర్తిచేసుకున్నాడు. టాకీలు వచ్చి ఏళ్ళు గడిచినా 1931లో మాటల్లేని సినిమానే విడుదల చేశాడు. వద్దనే అధికారం ఎవరికీ లేదు. కీటన్‌కి తిరిగి వెళ్ళడానికి స్టూడియో లేదు. దుఃఖం ఇద్దరిదీ ఒకే పాళ్ళలో ఉన్నా, ఆస్తి కాగితాలు ఎవరి దగ్గరున్నాయన్న దాన్నిబట్టి ఫలితం మారిపోయింది. ఇంత మొద్దుగా చెప్పడం కళాభిమానులకి రుచించకపోవచ్చు.

స్నేహితులు చెప్పినా, తనకి ఇష్టం లేకపోయినా, 1928లో సంతకం పెట్టాడు. వారానికి 3,000 డాలర్లు. తన వృత్తి జీవితంలో అన్నిటికంటే పెద్ద పొరపాటు అదేనని తర్వాత తనే అన్నాడు.

ఎం.జి.ఎం. చెడ్డ కంపెనీ కాదు, ఫ్యాక్టరీ, అంతే. ముందు స్క్రిప్టు కావాలి, దానికి ఆమోదం కావాలి, బడ్జెట్ కావాలి, తర్వాతే కెమెరా. ప్రమాదకరమైన ఫీట్లు వద్దు, ఖరీదైన నటుడికి దెబ్బ తగిలితే ఎలా. మొదటి సినిమా ‘ది కెమెరామన్’ మాత్రం కొట్లాడి కొంతవరకు తన పద్ధతిలో తీసుకున్నాడు, బాగా వచ్చింది. ‘స్పైట్ మ్యారేజ్’తో మూకీలు అయిపోయాయి. మాట రావడం అతనికి సమస్య కాదు, గొంతు బాగానే ఉంటుంది. సమస్య ఆ గొంతులో పెట్టిన మాటలు. 1930లో వచ్చిన ‘ఫ్రీ అండ్ ఈజీ’లో అతన్ని ప్రేమలో ఓడిపోయిన అమాయకుణ్ణి చేసి, చివర్లో విదూషకుడి వేషం కట్టి, తను ప్రేమించిన అమ్మాయి వేరేవాడితో ఉంటే చూస్తూ నిలబెట్టారు. పైకి నవ్వించి లోపల ఏడ్చే విదూషకుడు కీటన్ సినిమాల్లోకి వచ్చింది అప్పుడే, అదీ కంపెనీ పెట్టిన వేషంగా. రాతి మొహం మీద కన్నీటి చుక్క గీసింది వేరేవాళ్ళు.

ఘోరం ఏమిటంటే ఆ సినిమాలకి డబ్బులొచ్చాయి. పాతవాటికంటే బాగా ఆడినవీ ఉన్నాయి. ఇక నీ పద్ధతిలో తీద్దాం అని కంపెనీ ఎందుకంటుంది? కొన్ని సినిమాల్ని స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ భాషల్లో కూడా మళ్ళీ మళ్ళీ తీసేవాళ్ళు, తెలియని భాషలో డైలాగులు బట్టీపట్టి చెప్పాలి. మద్యనిషేధం అమల్లో ఉన్న రోజులు, కానీ హాలీవుడ్‌లో మందుకి లోటు లేదు. తండ్రి దారే పట్టాడు. షూటింగ్‌కి రాకపోవడం, వచ్చినా నిలబడలేకపోవడం. ‘వాట్! నో బీర్?’లో అతని మాట తడబడటం తెరమీదే తెలిసిపోతుంది. 1932లో నాటలీ విడాకులు తీసుకుంది. ఇల్లు పోయింది, పిల్లలిద్దరూ తల్లి దగ్గరికే వెళ్ళారు. వాళ్ళ ఇంటిపేరు కీటన్ నుంచి టాల్మడ్జ్‌కి మారింది. ఏళ్ళ తరబడి వాళ్ళని చూడలేకపోయాడు. 1933 ఫిబ్రవరిలో ఎం.జి.ఎం. వెళ్ళగొట్టింది. తనకి తాగుడు మాన్పించడానికి వచ్చిన నర్సు మే స్క్రివెన్‌ని మెక్సికోలో పెళ్ళి చేసుకున్నాడు. తాగిన మత్తులో జరిగిన ఆ పెళ్ళి తనకి గుర్తే లేదనేవాడు. అది మూడేళ్ళు నిలవలేదు. 1935లో ఆసుపత్రిలో పడ్డాడు.

తర్వాతి కథలో మలుపు పెద్దగా కనపడదు, అందుకే సినిమాలు తీసేవాళ్ళకి నచ్చదు. చిన్న కంపెనీలకి చవకబారు రెండు రీళ్ళ సినిమాలు చేశాడు. వారానికి 100 డాలర్లకి అదే ఎం.జి.ఎం.లో ఇతరుల సినిమాలకి జోకులు రాశాడు. 1940లో ఎలినార్ నోరిస్ అనే నృత్యకళాకారిణిని పెళ్ళి చేసుకున్నాడు. ఆమెకి 21, అతనికి 44. నిలబడదని చాలామంది అనుకున్నారు, దాదాపు 26 ఏళ్ళు నిలబడింది. కొడుకులు పెద్దయ్యాక తిరిగి దగ్గరయ్యారు. పారిస్‌లో సర్కస్‌లో ఆడాడు, టీవీలో చేశాడు. 1949లో ‘లైఫ్’ పత్రికలో వచ్చిన ఒక వ్యాసం మూకీ హాస్యం మీద మళ్ళీ ఆసక్తి పుట్టించింది. పాత సినిమాలు ఒక్కొక్కటే బయటపడి మళ్ళీ ఆడాయి. 1960లో గౌరవ ఆస్కార్ అందుకున్నాడు.

ఆ ఏడాదే వచ్చిన ఆత్మకథలో, తనది చాలా సంతోషమైన, అదృష్టమైన జీవితమని రాసుకున్నాడు. దీన్ని నమ్మాలా? నొప్పి కనపడనివ్వకూడదని నాలుగేళ్ళ వయసులో నేర్చుకున్న మనిషి మాట ఇది అని కొట్టిపారేయవచ్చు. కానీ అతని లెక్క వేరే ఉంది. డెబ్భై ఏళ్ళ జీవితంలో పాడైపోయినవి ఓ ఏడెనిమిదేళ్ళు. ముందూ వెనకా ఉన్నదంతా పనే. ఆ ఏడెనిమిదేళ్ళనే పట్టుకుని మొత్తం జీవితానికి విషాదం అని పేరు పెట్టింది చూసేవాళ్ళు, అతను కాదు.

1964 శరదృతువులో కెనడా జాతీయ ఫిల్మ్ బోర్డు కోసం ‘ది రైల్‌రాడర్’ అనే చిన్న సినిమా చేశాడు. చిన్న రైలుబండి మీద దేశం ఆ చివర నుంచి ఈ చివరకి వెళ్ళే ముసలాయన వేషం. షూటింగ్‌ని మరో బృందం డాక్యుమెంటరీగా తీసింది. అందులో ఒక గొడవ ఉంది. ఎత్తైన రైలు వంతెన మీద బండి పోతుండగా, పెద్ద మ్యాపు విప్పి అందులో చిక్కుకుపోయి నిలబడాలని కీటన్ ఆలోచన. దర్శకుడు జెరాల్డ్ పాటర్టన్‌కి భయమేసింది. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, మొహానికి మ్యాపు చుట్టుకుని, రెయిలింగు లేని వంతెన మీద. వేరే చోట వేరేగా తీద్దామన్నాడు. కీటన్ ఊరుకోలేదు. రైలుపెట్టెలో భార్య ముందు విసుక్కున్నాడు, ప్రమాదమేమీ లేదు, ఇలాంటివి చిన్నప్పణ్ణించీ చేస్తున్నానన్నాడు, గ్యాగ్ అక్కడే పండుతుందని పట్టుపట్టాడు. చివరికి అతని మాటే నెగ్గింది. వంతెన మీద మ్యాపు సీను సినిమాలో అతను చెప్పినట్టే ఉంది.